కామేశ్వరి ఎడమ కన్ను

కామేశ్వరి కాఫీ పోస్తుంటే వచ్చినవాళ్లు కప్పు కాస్త దూరంగా పట్టుకునేవారు. సగం కప్పులోనూ, సగం బల్ల మీదా పడేది. అమెరికాలో వాళ్లుండే చాండ్లర్ ఊళ్లోని తెలుగువాళ్లందరికీ అదొక వేళాకోళం. సూదిలో దారం ఎక్కించడం కూడా ఆమెకు చేతనయ్యేది కాదు. "నా చేతికి నిదానం లేదు" అని తనూ వాళ్లతో పాటు నవ్వేసేది.

భర్త సూర్యప్రకాశ్ కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. పెద్దమ్మాయి రేణుకి పదమూడేళ్లు, చిన్నది జయంతికి అయిదు. 1985లో రేణు సైన్స్ పోటీకి వెళ్లే స్కూలు జట్టుకు ఎంపికైంది. దానికిచ్చిన అంశం కన్ను, కాంతి. సాయంత్రాలు కామేశ్వరి చిక్కుడుకాయలు ఒలుస్తూ ప్రశ్నలు అడిగేది, రేణు జవాబులు చెప్పేది. కాలేజీలో చరిత్ర చదువుకున్న కామేశ్వరికి కొన్నాళ్లకే కార్నియా, రెటీనా నోటికి వచ్చేశాయి.

ఒక ఆదివారం రేణు అట్ట మీద పెద్దా చిన్నా అక్షరాలు రాసి గోడకు అంటించింది. తల్లిని హాలు చివర నిలబెట్టి ఎడమ కన్ను మూసుకోమంది. కామేశ్వరి అన్ని వరుసలూ గడగడా చదివేసింది. తర్వాత కుడి కన్ను మూసుకుని ఊరుకుంది.

"చదువు, అమ్మా."

"ఏం చదవను? ఆ కంటికి అక్షరాలు కనపడవు కదే."

"వై నాట్?"

"ఎడమది కదా! ఎడం చెయ్యి రాయనట్టే ఎడం కన్ను చదవదు. నీది చదువుతుందా ఏమిటి?"

రేణు తన కుడి కన్ను మూసుకుని చివరి వరుస దాకా చదివింది. కామేశ్వరి కార్పెట్ మీద కూలబడింది. ఇన్నేళ్లూ లోకమంతా తనలాగే చూస్తుందనుకుంది.

రేణు వచ్చి పక్కనే కూర్చుంది. "అమ్మా, రెండు కళ్లూ కలిసి చూస్తేనే ఏది ఎంత దూరమో బాగా తెలుస్తుంది. కాఫీ పడిపోయేది అందుకే. నీ హ్యాండ్స్ బానే ఉన్నాయి." ఆ మాటకు కామేశ్వరికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కళ్ల డాక్టరు చూసి, చిన్నతనంలోనే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేసిందనీ, ఇప్పుడు చెయ్యగలిగింది లేదనీ చెప్పాడు. కామేశ్వరి తన సంగతి వదిలేసి, "పిల్లలకి వస్తుందా?" అని అడిగింది. పిల్లలిద్దరికీ పరీక్ష చేశారు. రేణు కళ్లు బాగున్నాయి. జయంతి ఎడమ కన్ను మాత్రం తల్లి కన్నులాగే ఉంది. అయితే అయిదేళ్లే కాబట్టి, మంచి కంటిని రోజూ కొన్ని గంటలు ప్యాచ్ అంటించి మూసేసి రెండోదానికి పని పెడితే దారికొస్తుందన్నాడు.

జయంతి ప్యాచ్ పీకి పారేసి ఏడ్చేది. బుజ్జగింపులేవీ పని చెయ్యలేదు. చివరికి కామేశ్వరి తన కుడి కంటికి కూడా ఒకటి అంటించుకుని పిల్ల పక్కన కూర్చుంది.

"అమ్మా, నీకెందుకు?"

"నాకూ నీలాంటి కన్నే ఉంది. ఇద్దరం కలిసి చూద్దాం."

ఇల్లంతా కామేశ్వరికి మసకగా రంగులు కలిసిపోయి కనిపించింది. లేచి రెండడుగులు వేసేసరికి కుర్చీకి గుద్దుకుంది. జయంతి గబగబా వచ్చి ఆమె వేలు పట్టుకుంది. "ఇటు రా, అమ్మా. చెయిర్ ఉంది, కేర్‌ఫుల్." ఆ రోజు నుంచి ప్యాచ్ వేళకి తల్లిని నడిపించడం జయంతి ఉద్యోగమైంది. ఏడుపు మానేసింది.

పోటీలో రేణు జట్టు అద్దాల లెక్క దగ్గర తడబడి నాలుగో స్థానంలో ఆగిపోయింది. పతకం రాలేదు. కారులో మొహం తిప్పుకుని కూర్చున్న కూతురి తల నిమురుతూ, "నువ్వు చదవకపోతే చిన్నదాని సంగతి మనకి తెలిసేదా?" అంది కామేశ్వరి.

మరుసటి ఏడాది వేసవిలో డాక్టరు ఇక ప్యాచ్ అక్కర్లేదన్నాడు. ఇంటికి వస్తూ జయంతి కుడి కన్ను అరచేత్తో మూసుకుని, కారు కిటికీలోంచి దుకాణాల బోర్డులన్నీ అక్షరం అక్షరం గట్టిగా చదివింది. కామేశ్వరి ప్రతి అక్షరానికీ "ఊఁ" కొడుతూనే ఉంది.