పన్నెండో సాక్షి

బా బూష్తాకి రెండే పనులు వచ్చు. ఒకటి బరువులు మోసే కంచరగాడిదల వీపు మీద వేసే గడ్డి గంతలు కుట్టడం, రెండోది జ్ఞాపకం పెట్టుకోవడం. మొదటి పనికి దబ్బనం, గోనెపట్ట, బార్లీ గడ్డి కావాలి. రెండో పనికి ఏ సరంజామా అక్కర్లేదు. అందుకే సెఫ్రూ కొండల దిగువన ఉన్న మా ఊరు రెండోదాన్నే ఎక్కువగా వాడుకుంది.

వాగు మీది వంతెన ఏ ఏడు కొట్టుకుపోయింది, మిడతల దండు ఏ నెలలో దిగింది, ఫలానావాడి తాత ఎవరి ఇంట అద్దెకుండేవాడు, ఏది కావాలన్నా "బూష్తాని అడగండి" అనేవారు. అడిగితే ఠక్కున చెప్పేవాడు. తెలియదన్న మాట అతని నోట ఎవరూ వినలేదు. అసలు జబ్బు అదేనని ఎవరికీ తోచలేదు, అతనికి అంతకన్నా తోచలేదు. పొగిడితే ఆ రోజు రెండు గంతలు ఎక్కువ కుట్టేవాడు.

అతని కొట్టుకి ఎదురుగానే దస్తావేజులు రాసే లేఖరి, మా మాటలో అదుల్, సీ జిలాలీ గది. మా దగ్గర కాగితం లేని సంగతిని కాగితం చేయాలంటే పన్నెండు మంది మగవాళ్ళు కావాలి. పెళ్ళయిందనో, బిడ్డ ఫలానావాడి బిడ్డేననో, పొలం ఫలానావాడి చేతిలో ఉందనో పన్నెండు మందీ వచ్చి "మాకు తెలుసు" అంటే చాలు, అది రాతలోకి ఎక్కుతుంది. పదకొండు మంది ఎలాగోలా దొరుకుతారు. పన్నెండోవాడి దగ్గరే చిక్కు. అప్పుడు జిలాలీ గుమ్మంలోకి వచ్చి కేకేసేవాడు. బూష్తా దబ్బనాన్ని గంతకి గుచ్చి, గడ్డి దులుపుకుని వీధి దాటేవాడు. అలా ఎన్నిసార్లు దాటాడో లెక్కలేదు. చాలాసార్లు నిజమే చెప్పాడు. ఆ మాట కూడా అనుకోవాలి.

ముప్ఫై ఏళ్ళ కిందట ఒక సంతరోజున అలాంటి కేకే వినబడింది. గదిలో హాజ్ తుహామీ కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో సగం మంది ఆయన గానుగలోనే నూనె ఆడించుకునేవారు. వాగు పక్క ఆలివ్ తోట పన్నెండేళ్ళుగా తన సాగులోనే ఉందని రాయించుకోవడానికి వచ్చాడు. ఆ తోటలో కాయలు ఏరుకుని బతుకుతున్నది ఇత్తో అనే విధవరాలు. మొగుడు పోయి రెండేళ్ళయింది. చేతిలో తొమ్మిదేళ్ళ కూతురు ఉంది గానీ, కాగితం ముక్క లేదు. వాళ్ళు తుహామీ కింద పాలుకి చేస్తున్నారేమో అని బూష్తా అనుకున్నాడు. ఆ మాట ఎవరినీ అడగలేదు.

"తుహామీ ఆ తోటలో పని చేయిస్తుండగా చూశావు కదా?" అన్నాడు జిలాలీ.

"ఎప్పుడు?"

"అదేమిటయ్యా, నువ్వే ఎప్పుడంటే ఇక ఊళ్ళో ఎవర్నడగాలి? పెద్ద మంచు పడ్డ ఏడు గడ్డి కోసం ఆ దారినే వెళ్ళలేదూ?"

మంచు పడ్డ ఏడు గడ్డి కోసం తిరిగిన మాట నిజం. ఏ దారిన తిరిగాడో మాత్రం జ్ఞాపకం రాలేదు. పదకొండు మంది అతని వంకే చూస్తున్నారు. వాళ్ళందరికీ తెలిసింది తనకొక్కడికే తెలియకపోవడమేమిటి?

"ఆఁ, వెళ్ళాను. ఉండే ఉంటాడు."

"ఉండే ఉంటాడు అని రాయకూడదు బూష్తా."

"ఉన్నాడు."

ఆ గదిలో ఒక్కొక్కడూ మిగిలిన పదకొండు మందికీ తెలుసులే అనుకున్నాడు. పన్నెండు మంది కలిసి ఎవరికీ తెలియని సంగతికి సాక్ష్యం చెప్పారు. తుహామీ బూష్తాకి ఏమీ ఇవ్వలేదు, ఇతనూ ఆశించలేదు. ఏదైనా పుచ్చుకుని ఉంటే అబద్ధం చెప్పానని కనీసం ఆ మేరకైనా గుర్తుండేది.

తర్వాత ఆ సంగతి ఎవరు కదిపినా బూష్తా చెప్పేవాడు. మొదటి ఏడాది "మంచులో వెళ్ళాను, తుహామీ కనబడ్డాడు" అన్నంత వరకే ఉండేది. తర్వాత మంచు మోకాలి లోతుకి వచ్చింది. ఆలివ్ కొమ్మలు బరువుకి వంగాయి. తుహామీ కర్రతో కొమ్మలు కొట్టి మంచు దులుపుతూ, "ఏయ్ బూష్తా, గడ్డకట్టి చస్తావు, ఇలా రా" అని పిలిచి నూనెలో ముంచిన రొట్టె ముక్క పెట్టాడు. పదేళ్ళు గడిచేసరికి ఆ రొట్టె రుచి కూడా నాలుక మీదికి వచ్చేసింది. పాత గంత ఒకటి ఏటేటా విప్పి, నలిగిన గడ్డి తీసేసి, కొత్త గడ్డి కూరి మళ్ళీ కుడతారు. కొన్నాళ్ళకి అందులో మొదటి గడ్డి పరక ఒక్కటీ ఉండదు, అయినా అది మా తాతనాటి గంతే అంటారు. రోజూ ఆ పనే చేసే మనిషికి తన తలలో జరుగుతున్నది కనబడలేదు. ఈ మాట రాస్తుంటే నాకు నవ్వు రావడం లేదు, కోపమే వస్తోంది.

ఆ కాగితంతో తోట తుహామీదైపోయాక ఇత్తో పరాయి ఇళ్ళల్లో చాకిరీ చేసి చేసి పోయింది. కూతురు హద్దా పెళ్ళి చేసుకుంది, మొగుడు వదిలేస్తే తిరిగి వచ్చింది. ఇప్పుడు తుహామీ కొడుకుల దగ్గర కూలికి వెళ్ళి, తన తండ్రి తోటలోనే కాయలు ఏరుతోంది.

పోయిన చలికాలంలో ఆమె బూష్తా కొట్టు ముందు వచ్చి నిలబడింది. నలుపూ తెలుపూ కలిసిన జుట్టు, నూనె మరకల చేతులు.

"బా, ఆ పన్నెండు మందిలో పదకొండు మంది పోయారు. నువ్వొక్కడివే మిగిలావు."

"దేవుడి దయ తల్లీ."

"దయో ఏమిటో, నువ్వే తేల్చు. కొత్త జడ్జి వచ్చాడు. సాక్షి ఒక్కడైనా బతికుండి వచ్చి చెబితే వింటానన్నాడు." కొంగులోంచి మడతల కాగితం తీసింది. "వ్యవసాయాఫీసాయన చెట్లు కొలిచి రాసిచ్చాడు. అవి నాటి ముప్ఫై తొమ్మిదేళ్ళు. పెద్ద మంచు పడి ఎన్నేళ్ళయింది బా? నువ్వే చెప్పు, ఊరి లెక్క నీ దగ్గరేగా ఉంది."

"నలభై రెండు," అన్నాడు ఠక్కున. అని ఆగిపోయాడు.

"మరి మంచు ఏ కొమ్మల మీద పడింది బా? అప్పుడక్కడ బార్లీ చేను ఉండేది. చెట్లు నేను పుట్టాక మా నాన్న నాటాడు. నాకు పేరు పెట్టిన రోజు విందుకొచ్చిన వాళ్ళందర్నీ తీసుకెళ్ళి మొక్కలు చూపించాడట. నువ్వూ వచ్చావని మా అమ్మ చెప్పేది."

బూష్తా చేతిలో దబ్బనం వేలికి దిగింది. అతను గమనించలేదు.

ఆ రెండు వారాలు అతను చేసిన పని ఒక్కటే. కళ్ళు మూసుకుని ఆ మంచు రోజుని వెతకడం. తుహామీ లేని దారి, చెట్లు లేని చేను కనబడతాయేమోనని చూశాడు. కళ్ళు మూసినప్పుడల్లా వంగిన కొమ్మలే, రొట్టె ముక్కే. అబద్ధమని తెలిశాక కూడా అవి రవ్వంతైనా మాసిపోలేదు.

మూడో రోజుకి ఇంకొకటి కనబడసాగింది. హద్దా తండ్రి, మట్టి కాళ్ళు, వరసగా నాటిన చిన్న చిన్న మొక్కలు, "నా కూతురికి నేనిచ్చేది ఇదే" అంటున్న గొంతు. బూష్తాకి ఒక్క క్షణం ప్రాణం లేచివచ్చింది. ఇది చెబితే చాలు, హద్దా తోట హద్దాకి వస్తుంది. అప్పుడే ఒక అనుమానం తగిలింది. మంచు కూడా ఇలాగే కదా వచ్చింది? జిలాలీ చెప్పాడు, తనకి కనబడింది. ఇప్పుడు హద్దా చెప్పింది, కనబడుతోంది.

కోర్టు రోజున జడ్జి మంచిగానే అడిగాడు. కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు.

"పెద్దాయనా, తుహామీని ఆ తోటలో చూశారా?"

"కనబడుతున్నాడయ్యా. కానీ అది జరగలేదు."

గదిలో నవ్వులు లేచాయి. తుహామీ పెద్ద కొడుకు కండువాలో నోరు దాచుకున్నాడు.

"అంటే ఆనాడు అబద్ధం చెప్పానంటారా? ఆ ఒక్క ముక్క అంటే నేను రాసుకుంటాను."

హద్దా బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగింది.

"అబద్ధమనుకుని చెప్పలేదయ్యా. నిజమని తెలిసీ చెప్పలేదు. ఆనాడు ఏం చూశానో అది నా దగ్గర లేదు."

"పోనీ, ఈవిడ తండ్రి మొక్కలు చూపించడం చూశారా?"

"అదీ కనబడుతోంది. రెండు వారాల నుంచే కనబడుతోంది. ఈ అమ్మాయి చెప్పాకే."

జడ్జి సాక్షికి మతి నిలకడ లేదని రాయించాడు. చెట్ల వయసు చెట్లకి సంబంధించిందే గానీ సాగుకి సంబంధించింది కాదన్నాడు. పాత కాగితం పాతదిగానే నిలిచింది.

మెట్ల మీద హద్దా అతన్ని ఆపింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతనికి కాస్త సులువయ్యేది.

"ఒక్క ముక్క బా. అబద్ధం చెప్పానని ఒక్క ముక్క అంటే అయిపోయేది."

"అడిగినవాళ్ళకి కావలసింది ఒకసారి చెప్పాను తల్లీ. మీ బతుకు పోయింది. మళ్ళీ అదే పని ఎలా చేయను?"

"ఓహో," అంది హద్దా. "వాళ్ళు అడిగితే నీకు తెలియనిది చెప్పావు. మేమడిగేసరికి నీకు నీతి పుట్టుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళూ ఎక్కడ దాచావు బా దాన్ని? మా మీద ఖర్చు పెట్టడానికేనా?"

మర్నాడు ఆమె మామూలుగానే కాయలు ఏరడానికి వెళ్ళింది. వేరే ఎక్కడికి వెళ్తుంది?

బూష్తా కొట్టు తీయలేదు. మధ్యాహ్నం కూతురు మన్నానా రొట్టె, చిక్కుళ్ళ గంజి తెచ్చి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు. పోయిన భార్య తమో గురించి ఆలోచిస్తున్నాడు. ఆమె చివరి ఘడియ అతనికి అరచేతిలో గీతలా తెలుసు. తల తన ఒడిలో ఉంది. గిన్నెతో నీళ్ళు తాగించాడు. "పిల్లని కోప్పడకు" అని కళ్ళు మూసింది. పదిహేడేళ్ళుగా దుఃఖం వచ్చినప్పుడల్లా దాన్నే తడుముకుని బతికాడు.

"మన్నానా, మీ అమ్మ పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను కదూ?"

మన్నానా గంజి గిన్నె మీద మూత సర్దింది.

"ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ? తిను, చల్లారిపోతుంది."

"అడిగిందానికి చెప్పు. నువ్వు చూసింది చెప్పు, నాకు కావలసింది చెప్పకు."

ఆమె మూత మీంచి చెయ్యి తీసింది.

"లేవు నాన్నా. ఆ పొద్దున ఎవరిదో సాక్ష్యమని జిలాలీ గారు పిలిస్తే వెళ్ళావు. అమ్మకి నీళ్ళు పోసింది నేను. నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎలా పోయిందో నీకు నేనే చెప్పాను. నువ్వు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నావు."

బూష్తా తల ఊపాడు. ఆ మాట నమ్మాడు, నమ్మక చేసేదేముంది? అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. తమోకి పట్టిన గిన్నె చల్లదనం అందులో ఇంకా అలాగే ఉంది.