ఉతక్కూడని పాల చీర

మా చిన్నప్పుడు... గాలివాన వెలిసిన పొద్దున, కూలిపోయిన పాక ముందు మా నాన్న దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. గేదెలు మూడూ బతికాయి. నల్లదాని దూడ మాత్రం గోడ కింద పడి పోయింది. ఆ గోడ తగిలే అమ్మ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

మాది కళింగపట్నం దగ్గర చిన్న ఊరు. ఆ మూడు గేదెల పాలతోనే మా పొయ్యి వెలిగేది. ఈ సంగతి మా ఇంట్లో ఎత్తితే "మళ్ళీ మొదలెట్టావా" అంటున్నారు... అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు, తప్పులుంటే ఏమనుకోకండి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బెంగ అప్పటి నుంచే ఉంది. పాక లేదు, అమ్మ చెయ్యి లేవదు, ఇంక పాలెవరు పితుకుతారు? ఆ మాట ఎవరూ అనరేమిటని నాకు ఒకటే కంగారు.

ఇంతలో ఎదురింటి అప్పలమ్మ పిన్ని వచ్చి ఒక గేదె పలుపు విప్పేసింది.

"అలాగ సూత్తావేటి బావా? దీన్ని మా సాల్లో కట్టీత్తన్నాను" అంది. వాళ్ళ సాలలో ఎడ్లే గానీ పాడి లేదు. వెనకాలే సూరన్న మావ నల్లదాన్ని తోలుకుపోయాడు. మూడోదాన్ని పక్క వీధివాళ్ళు. మేము ఎవర్నీ అడగలేదు...

చిక్కల్లా పాల దగ్గరే. మా గేదెలు అమ్మ కూర్చుంటే తప్ప చేపేవి కావు. కొత్త మనిషి పొదుగు మీద చెయ్యి వేస్తే పాలు బిగబట్టేసేవి.

అందుకని, చెయ్యి నొప్పికి మంచం దిగలేని అమ్మ తన పాల చీర ఇచ్చింది. రోజూ అది కట్టుకునే పితికేది. పేడ, కుడితి, చెమట, పాలు... అన్నీ కలిసిన వాసన దానిది. నీళ్ళలో జాడించడమే తప్ప సబ్బు ముట్టించేది కాదు.

"ఇది సుట్టుకుని కూకుంటే నేనే అనుకుంటాయి" అంది అమ్మ. ఆ చీరను రెండు పూటలా మూడిళ్ళకీ మోసే పని నాది. ఎక్కడ జారిపోతుందో, ఎక్కడ ముల్లుకి చిరుగుతుందో అని గుండెలకి హత్తుకుని నడిచేదాన్ని.

సూరన్న మావ ఆ మీసాలతో చీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని కూర్చుంటే అత్త గోడకి జారబడి నవ్వింది.

"ఓలే, పళ్ళికిలించక తప్పేల పట్టు. ఇది నన్ను పోల్చిందంటే తంతాది" అన్నాడు మావ.

నల్లది పోల్చలేదు. చేపింది.

మూడో రోజు పొద్దున్న పిన్ని తన వంతు అయ్యాక చీర నాకివ్వకుండా అట్టేపెట్టుకుంది. మధ్యాహ్నం నేను వెళ్తే చేతికిచ్చింది. తెల్లగా ఉంది... గుమగుమలాడుతోంది.

"ఒకరి సీర మాసింది మాసినట్టు ఎలాగిచ్చీత్తానే? పండక్కి దాసుకున్న సబ్బు ముక్కెట్టి ఉతికీసినాను" అంది మురిసిపోతూ.

చీర మొహానికి ఆనించుకుని చూశాను, అమ్మ వాసన లేదు. ఆవిడ మర్యాద ఆవిడది. ఉతకొద్దని చెప్పాలని మాకూ తోచలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాం.

ఆ సాయంత్రం నల్లది చేపలేదు. మిగతా రెండూ దూడల్ని విడిస్తే కాసిన్ని ఇచ్చాయి. దీనికి దూడ కూడా లేదు కదా... మర్నాటికి పొదుగు రాయిలా బిగిసింది. నాన్న పలుపు చేతిలోకి తీసుకుని "ఇంక వట్టిపోతాది. సంతకి తోలీడమే" అన్నాడు. పాలివ్వని గేదెను సంతలో ఎవరు కొంటారో నాకు తెలుసు.

సంగతి తెలిసి పిన్ని పరుగెత్తుకొచ్చింది.

"నా సేతులిరిగిపోను, ఏటి సేసీసినాను అప్పా!" అని అమ్మ ముందు కూలబడింది. అంతలోనే లేచి ఇంటికి పోయి, పెళ్ళిళ్ళకి తప్ప తియ్యని పొందూరు చీర తెచ్చి అమ్మకి చుట్టబెట్టింది. నాలుగు రోజులుగా అమ్మ ఒంటిమీదే ఉండి ఆమె వాసన పట్టిన చీర విప్పించి, సాలకి పరుగెత్తి సూరన్న మావ మీదికి విసిరింది.

"కట్టన్నా, బేగి. సిగ్గు తరవాత పడుదువు గాని."

నల్లది ఆ కొంగును చాలాసేపు వాసన చూసింది. తప్పేలలో మొదటి ధార చప్పుడు వినగానే నాన్న అక్కడే బురదలో కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత ఇంటికో తాటాకు మోపు వచ్చింది, పాక లేచింది. పొందూరు చీర ఉతికి ఇస్తానని అమ్మ అంటే పిన్ని లాక్కుంది. "వద్దప్పా. ఈ ఊర్లో ఎవులి సీరా ఎవులూ ఉతకొద్దు!"

మొన్నటి గాలివానకి మా అబ్బాయి రేకుల షెడ్డు ఎగిరిపోయింది. నాలుగు గేదెలు. ఇవి మా కోడలి నైటీ వాసనకి చేపుతాయి. ఆ నైటీ ఉతక్కుండా సిద్ధంగానే ఉంచాం... తోలుకెళ్ళేవాళ్ళు ఏరీ? ఏ ఇల్లు చూసినా గచ్చూ టైల్సే. అడిగితే "వాసనొస్తాది పెద్దమ్మా" అంటున్నారు.

సాయం చెయ్యడానికి వచ్చినవాళ్ళని తప్పు పట్టను, పాపం ఎక్కడినుంచో వచ్చారు. దుప్పటి ఇచ్చారు, బిస్కెట్లు ఇచ్చారు. గేదెల పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఒక్క గడ్డిపరక లేదు. వాళ్ళిచ్చిన సంచీ విప్పితే రెండు సబ్బులు!

వాటిని చూస్తే ఒళ్ళు మండిపోయింది. మా పిన్ని సబ్బుతో తప్పే చేసింది. కానీ ఆ తప్పు చెయ్యాలన్నా ముందు గేదెను తన ఇంటికి తోలుకుపోవాలి కదా...

టార్పాలిన్ పట్టా కింద నాలుగు గేదెలూ తడుస్తున్నాయి. మళ్ళీ వాన ఉందంటున్నారు. నాకు కాలు నిలవడం లేదు.

మీ చిన్నప్పుడు మీ సాలలో ఎప్పుడైనా ఇంకొకరి గేదె ఉందా? ఉంటే రాయండి, చదువుకుంటాను. మా చుట్టుపక్కల ఇప్పటికీ సాల ఉన్నవాళ్ళెవరైనా ఉంటే... ముందు ఆ మాట చెప్పండి.