సాగిన స్టడ్లు

"రెండు స్టడ్లు సాగినయ్, బండి పంపను!"

"నట్లు బిగుసుకున్నాయిగా? పంపేయవయ్యా, బయట నాలుగు బళ్ళు ఆగున్నాయి!"

గల్ఫ్‌లో, ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో రేకు గోడకి ఇవతల కూర్చున్న సిద్ధార్థ్‌కి ఒళ్ళు మండింది. వాళ్ళ గొడవ తన కారు గురించే. అల్ సద్‌లో మీటింగుకి టైమైపోతోంది. విసురుగా లోపలికెళ్ళాడు.

పంపేయమంటున్న ఫోర్‌మన్ పక్కకి తప్పుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే చక్రాలు బిగిస్తున్న జలంధర్, చక్రాన్ని పట్టి ఉంచే ఆ మరబోల్టుల్లోంచి ఒక స్టడ్ అరచేతిలో పెట్టి చూపించాడు. మధ్యలో మర సన్నబడింది.

"తుప్పు పట్టొద్దని ఎవడో నూనె రాసి గాలి గన్‌తోటి బిగించిండు సార్. నట్టు అల్కగ తిరుగుతది, లోపల స్టడ్ సాగుతది. ఓనాడు తెగుతది."

"అంత కచ్చితంగా ఎలా చెప్తావ్?"

"నేనూ గట్లనే చేసిన. మా తమ్ముడు నగేష్ పికప్‌కు." జలంధర్ తలెత్తలేదు. "యాభై కిలోమీటర్లు తిరిగినంక రారా, మళ్ల చూస్త అన్న. డ్యూటీ ఉందని రాలే. ముఐథర్ కాడ చక్రం ఊడింది. గల్ఫ్‌ల యాక్సిడెంట్‌ల పోయిండనే మా అవ్వకు తెలుసు. బిగించింది నేనని తెల్వదు."

సిద్ధార్థ్ ఫోన్ తీసి మీటింగుకి ఆలస్యమవుతుందని చెప్పాడు. జలంధర్ అయిదు స్టడ్లూ కొత్తవి వేశాడు. ఒక్కో నట్టునీ ముందు వేళ్ళతో తిప్పి, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. తాళంచెవి మాత్రం వెంటనే ఇవ్వలేదు.

"ఎల్లుండి ఒక్కసారి రా సార్. పని ఉన్నా రా. చెయ్యి పెట్టి చూస్త, అంతే."