లకు కొమ్మిస్తే లు

బుధవారం సాయంత్రం మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కి కూర్చోగానే మునీశ్వరి ఫోనుకు ఆ ఉత్తరం వచ్చింది. ఏడు నెలల కిందట ఆమె తన వ్యాసాన్ని పంపిన న్యాయశాస్త్ర పత్రిక వాళ్ల జవాబు అది. వ్యాసం బాగుందన్నారు. ఆ ముక్క దగ్గరే ఆగి ఉంటే ఆమె చేతి సంచిలోని వేరుశనగలన్నీ పక్క సీటావిడకు పంచిపెట్టేదే. ఆగలేదు. వ్యాసం ఏ మహిళ కథ మీద నిలబడిందో ఆ మహిళ రాతపూర్వకమైన సమ్మతి పది రోజుల్లో పంపాలట. అది అందాక వ్యాసం చివరిసారి పరిశీలకుల దగ్గరికి వెళ్తుందట.

పదకొండేళ్లుగా ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు లా కాలేజీలో పాఠాలు చెబుతోంది. అచ్చయిన పరిశోధన వ్యాసం లేనివాళ్లను ఈ జూన్ నుంచి కొనసాగించేది లేదని యాజమాన్యం చెప్పేసింది. కూలికి పోయే ఇంట్లో పుట్టి నెలజీతం మొహం చూసిన మొదటి మనిషి ఆమె. నలభై ఏళ్ల వయసులో మళ్లీ ఎవరి గుమ్మం ఎక్కాలి? ఆ భయంతో రాసిన వ్యాసం అది. భయం ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. దాన్ని ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ మహిళ మరెవరో కాదు, ఆమె తల్లి నారాయణమ్మ.

చౌడేపల్లె పక్క పల్లెల్లో ఆవును పాలుకు, అంటే వాటాకు, ఇవ్వడమనే పద్ధతి ఉండేది. ఆవు ఒకరిది, మేపు ఇంకొకరిది, పుట్టిన దూడల్లో ఇద్దరికీ చెరిసగం. అంతా నోటిమాటే. ఇరవై ఎనిమిదేళ్ల కిందట నారాయణమ్మ అలాగే ఒక ఆసామి దగ్గర పెయ్యను తోలుకుంది. కాలం మారింది, కాగితం ఉంటే ఇద్దరికీ మంచిదని ఆసామి తానే ఒక కాగితం రాశాడు. నారాయణమ్మ వేలిముద్ర వేసింది. ఆవు మూడు ఈతలు ఈనాక పంచుకోవాల్సిన రోజు వచ్చింది. ఆసామి కాగితం తీశాడు. అందులో 'పాలుకు' అని లేదు, 'పాలకు' అని ఉంది. మేపినందుకు పాలు తాగింది, దూడలతో ఆమెకేం పని అన్నాడు. పంచాయతీ పెద్దలు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రాసింది రాసినట్టే కదా అన్నారు. ఆసామి మనుషులు ఆవునూ మూడు దూడలనూ ఒకే తాడున తోలుకుపోయారు.

ఒక్క కొమ్ము లేక ఒక సంసారం ఎలా కుదేలైందో, నోటి ఒప్పందాలను చట్టం ఎందుకు కాపాడాలో మునీశ్వరి చక్కటి ఇంగ్లీషులో వాదించింది. చదువురాని ఆ మహిళకు ఆసామే కాగితం చదివి వినిపించాడని కూడా రాసింది. అది అబద్ధం.

శనివారం కుప్పం వెళ్లి, తనకు పరిశోధన నేర్పిన మాధవీలత మేడమ్‌ను కలిసింది. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నా ఆవిడ కళ్లజోడు విశ్రాంతి తీసుకోలేదు. సమ్మతి లేకుండా ఒక్క అడుగు వేయొద్దని, పేరు తెలియకుండా చదవాల్సిన పరిశీలకులు రాసినదెవరో పసిగట్టే ముక్క ఒక్కటున్నా వ్యాసాన్ని పక్కన పడేస్తారని హెచ్చరించింది. వ్యాసం తిరగేస్తూ మూడో పేజీ దగ్గర ఆగింది.

"ఆ కాగితం ఆమెకు చదివి వినిపించింది ఆసామేనా? నీకు ఖచ్చితంగా తెలుసా?"

మునీశ్వరి తలూపింది. తిరుగు ప్రయాణమంతా ఆ ప్రశ్న ఆమె పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది. బస్సులోనే ఫోనులో సమ్మతి పత్రం టైపు చేసి, పుంగనూరులో దిగగానే ప్రింటు తీయించింది. ఆ పని త్వరగా ముగిసిపోతే చాలనిపించింది.

ఆదివారం పొద్దున నారాయణమ్మ పాలు పితికి, పాలకేంద్రంలో పోసి వచ్చి, చేతులు కడుక్కుని కూర్చుంది. కాగితం అనగానే ఆమె మొహం ముడుచుకుపోయింది. ఆ పంచాయతీ తర్వాత ఆమె ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు. ఆ ఏడే రాత్రిబడికి మూడు నెలలు వెళ్లి, పా, లు, కు అని మూడక్షరాలు నేర్చుకుని మానేసింది. మిగతా అక్షరాలతో తనకేం పనంది. ఆ మాట చెప్పుకుని ఇంట్లో వాళ్లు ఏళ్ల తరబడి నవ్వారు. మునీశ్వరీ నవ్వింది.

ఉద్యోగం సంగతి చెప్పాక నారాయణమ్మ మెత్తబడింది. మునీశ్వరి పత్రమంతా చదివి వినిపించింది. నారాయణమ్మ విని, కాగితం చేతిలోకి తీసుకుంది.

"పాలుకు అనే మాట యాడుండాది? సూపీ."

మునీశ్వరి చూపించింది. నారాయణమ్మ చూపుడువేలు ఆ మాట మీద పెట్టి, పా దగ్గర ఆగింది, పక్కకు జరిగి మళ్లీ ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"మునీ, దీనికి కొమ్ము లేదు గదమ్మా."

మునీశ్వరి కాగితం లాక్కుని చూసింది. 'పాలకు'. తల కొట్టేసినట్టయింది. టైపు చేసింది తనే, మూడుసార్లు చదివింది తనే, ఇప్పుడు గొంతెత్తి 'పాలుకు' అని చదివి వినిపించింది కూడా తనే. ఆసామి కావాలనే చేశాడని ఇరవై ఏడు పేజీల్లో నిరూపించిన మనిషికి, అతని కలమూ ఇలాగే జారిందేమో అనే అనుమానం మొదటిసారి కలిగింది.

ఏళ్లుగా దాచుకున్నది బయటికొచ్చేసింది.

"మా, ఆ పొద్దు కూడా నేనే గదమా సదివింది. ఏడో తరగతిలో ఉండా. సరిగ్గానే ఉండాదని నీకు సెప్పింది నేనే."

నారాయణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు తెలుసులేమ్మా. పంచాయతీలోనే తెలిసింది. నీ మీద సెప్తే పెద్దోళ్లు నిన్ను పిలిపిస్తారు, బిడ్డ బెదిరిపోతాదని నోరు మూసుకున్యా."

మునీశ్వరి తల్లి ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. నారాయణమ్మ కాసేపు ఆమె వీపు నిమిరి, పెన్నిమ్మంది. నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని, లకు కొమ్ము తగిలించింది. ఆ తర్వాతే బొటనవేలు సిరాలో అద్దింది.

మధ్యాహ్నం మునీశ్వరి వ్యాసం తెరిచి మూడో పేజీకి వెళ్లింది. ఆసామే చదివి వినిపించాడన్న వాక్యం కొట్టేసింది. ఏడో తరగతి చదివే ఆమె కూతురు చదివిందని, తప్పు చదివిందని, ఆ కూతురే ఈ వ్యాసకర్త అని రాసింది. మేడమ్ హెచ్చరిక గుర్తుంది, జూన్ గుర్తుంది. పంపేముందు ఆ వాక్యం మీద తల్లిలా వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగుతూ చదివింది. ఈసారి ఉన్నది ఉన్నట్టే చదివింది.