కోటు మాస్టారి దూది మెత్త

కోటు మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది, కొలిచేది మాత్రం కళ్ళతో. మనిషి కొట్టు గుమ్మంలో అడుగు పెట్టగానే ఏ భుజం ఎత్తో, ఏ భుజం పల్లమో చెప్పేసేవాడు. ఎవరి ఒళ్ళూ రెండు వైపులా సమానంగా ఉండదనీ, ఆ తేడా కప్పిపుచ్చడానికే దర్జీ అనేవాడు పుట్టాడనీ ఆయన వాదన. భార్యకి ఎడమ భుజం కాస్త కిందకి ఉంటుంది. ఆవిడకి కుట్టిన ప్రతి కోటులోనూ అటువైపు లోపల పల్చటి దూది మెత్త పెట్టేవాడు. పెళ్ళైన కొత్తలో అది చూసి ఆవిడ అలిగితే, "నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదులే" అని నవ్వాడు.

అలాంటి మనిషి ఒకరోజు ఒకే కోటుకి రెండూ కుడిచేతులే కుట్టాడు. కోటు కుట్టించుకున్నాయన వేళాకోళం అనుకుని పగలబడి నవ్వాడు. ఆవిడకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

డాక్టరు మతిమరుపు జబ్బు మొదలైందన్నాడు. మందులతో పాటు చైనావాళ్ళ పాతకాలపు వ్యాయామం, తాయ్ చీ, నేర్చుకోమన్నాడు. నిదానంగా కదలాలి, ఏ కదలిక తర్వాత ఏది వస్తుందో గుర్తుపెట్టుకోవాలి. ఒంటికీ బుర్రకీ కలిపి పని. కొందరికి జ్ఞాపకం కాస్త నిలబడుతోందట, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. ఆ కొందరిలో తన మొగుడు ఎందుకుండకూడదని ఆవిడ పట్టుబట్టి క్లాసులో చేర్పించి, తనూ పక్కనే చేరింది.

ఆవిడ కోరిక ఒక్కటే. తాళాలు మర్చిపోనీ, దారి మర్చిపోనీ, తనని మర్చిపోకూడదు. రోజూ పొద్దున్నే పరాచికంలా "నేనెవర్నో చెప్పండి చూద్దాం" అనేది. "ఇంకెవరు, నా తలనొప్పివి" అనేవాడు. ఆ తిట్టు వింటేనే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

ఆ రోజు అడిగితే ఆయన చిన్నగా నవ్వి టీ కప్పులోకి చూశాడు. వినపడలేదేమో అనుకుంది. మళ్ళీ అడిగే ధైర్యం చాలలేదు. ఆ మథనంలోనే క్లాసుకి ఆలస్యమైంది. హాలు చల్లగా ఉంది, ఇద్దరూ కోట్లు విప్పలేదు. ముందువాళ్ళని చూసి చేస్తాడని ఎప్పుడూ ఆయన్ని మధ్య వరసలో నిలబెట్టేది. ఇవాళ చివరి వరసే దొరికింది. వ్యాయామంలో ఒకచోట అందరూ వెనక్కి తిరుగుతారు. అప్పుడు చివరి వరసే మొదటి వరస, ఎదురుగా గోడ తప్ప ఏమీ ఉండదు.

అందరూ తిరిగారు. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. తడబడతాడు, బిక్కచూపులు చూస్తాడు, జనం గుసగుసలాడతారు, అన్నీ ముందే ఊహించేసుకుంది. ఆయన తడబడలేదు. ఆ చేతులు బల్ల మీద గుడ్డ పరుస్తున్నంత నింపాదిగా సాగాయి. హాలంతా ఆయన్ని చూసే చేసింది. తప్పు చేసింది ఆవిడే. ఇన్నాళ్ళూ ఆయన్ని కనిపెట్టుకోవడంతోనే సరిపోయింది, తను నేర్చుకున్నదేముంది? ఏ చెయ్యి ఎటో తెలియక నిలబడిపోయింది. అయినా సంతోషం పట్టలేకపోయింది. ఆయనకి గుర్తుంది.

ఆయన ఆవిడ వైపు తిరిగి, కొట్టుకి వచ్చిన కొత్త మనిషితో మాట్లాడినంత మర్యాదగా అన్నాడు. "కొత్తగా చేరారా? కంగారు పడకండి. నాకూ మొదట్లో వచ్చేది కాదు."

ఆవిడ "నేనండీ" అనబోయి, అంటే బెదిరిపోతాడేమోనని ఆగిపోయింది. ఈలోపు ఆయన తల పక్కకి వంచి ఆవిడ భుజాల వైపు చూశాడు.

"మీకు ఎడమ భుజం కాస్త కిందకి ఉంటుంది," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరికీ తెలియదులెండి. నేను సర్దుతాను."

ఆవిడ ఒంటి మీద ఉన్నది ఆయన కుట్టిన కోటే. లోపల మెత్త ఉంది. ఆ కోటులో ఆవిడ భుజాలు రెండూ సమానంగా కనిపిస్తాయి.

"అవునండీ, కొత్తే," అంది ఆవిడ. "మీరే నేర్పించాలి."