బానెట్ మీద మూడు పసుపు గీతలు

మా అత్త పోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వాకిట్లో కుర్చీలో కూర్చుందట. మళ్లీ లేవలేదు. నేను విరుదునగర్ మండీలో వేరుశెనగల బేరంలో ఉండగా పక్కింటావిడ ఫోను చేసి, ఉన్నపళంగా మా ఊరు కోవిల్‌పట్టికి రమ్మంది. కొత్త కారు అప్పుడే గట్టిగా తొక్కకూడదు. ఆ రోజు తొక్కాను. ఆ కారు మొదటిసారి పరుగెత్తింది అత్త కోసమే, కాని అత్త అందులో లేదు.

ఆమె మా నాన్న చెల్లెలు. అరుప్పుకోటలో నేతింటి కోడలు. మామ పోయాక మా ఇంటికి వచ్చేసింది. అమ్మా నాన్నా కూడా వెళ్లిపోయాక మిగిలింది మేమిద్దరమే. నేను పెళ్లి చేసుకోలేదు. వేరుశెనగ పప్పూ బెల్లంతో కడలమిఠాయి తయారుచేసి అమ్ముతాను, రోజంతా తమిళమే. ఇంటికొచ్చి చెప్పులు విప్పాకే తెలుగు. చదవడం, రాయడం నెల్లూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్నాను. అత్తకు ఒక్క అక్షరం రాదు. నాకున్న తెలుగంతా ఆమె నోటినుంచి వచ్చిందే.

నలభై దాటిన ఆడది పరుగుల కారు కొనడమేమిటని వీధంతా బుగ్గలు నొక్కుకుంది. అత్త మాత్రం చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ముందు సీటెక్కి కూర్చుంది. ఇంజిన్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకోవాలి, ఫస్ట్ సర్వీస్ అయ్యేదాకా నింపాదిగా నడపండి అన్నారు షోరూంవాళ్లు. అందుకని ప్రతి ఆదివారం విరుదునగర్ దాకా వెళ్లి వచ్చేవాళ్లం. సాత్తూరు దగ్గర ఆగి ఉప్పూ కారం చల్లిన దోసకాయ ముక్కలు తినేవాళ్లం. లారీ దాటిపోయినా ఊరుకునేది, మినీ బస్సు దాటిపోతే మాత్రం ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

"ఏం పాపా, ఇంత దుడ్డు పోసింది వాళ్ల వెనక పోయేదానికా?"

సర్వీస్ అయ్యాక కయత్తారు గాలిమరల దాకా ఎగిరిపోదాం అత్తా అని బుజ్జగించేదాన్ని. ఆ మాట అత్త ఊరంతా చెప్పుకుంది.

కారుది మ్యాట్ బూడిదరంగు, మెరుపుండదు. దానిమీద నూనె, పసుపు పడితే పట్టేస్తాయని షోరూంలో చెప్పారు. నేను అత్తకు చెప్పడం మరిచాను. బ్రేకులకు ఎర్రరంగు వేయించి, వెనక రెక్కలాంటి స్పాయిలర్ బిగించి తెచ్చిన రోజున, నేను స్నానం చేసి వచ్చేసరికి ఆమె నువ్వులనూనెలో పసుపు కలిపి బానెట్ మీద మూడు వేళ్లతో దిష్టి గీతలు లాగేసింది. రెండు గీతలు తిన్నగా ఉన్నాయి. ఉంగరపు వేలు ఎప్పుడో మగ్గంలో పడి వంకరపోయింది కనుక మూడోది పక్కకు జారింది. తడిగుడ్డతో ఎంత తుడిచినా పోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అత్త చెయ్యి కడుక్కుంటూ, "నువ్వు ఎర్రరంగు ఏపించుకుంటివి, రెక్క పెట్టించుకుంటివి. ఇది నా వంతు, ఉండనీ," అంది.

ఆ మాటకు నవ్వొచ్చింది. అయినా ఫస్ట్ సర్వీస్ రోజునే విరుదునగర్‌లో ఒక షాపులో మరకలు తీయించి, పైన పారదర్శకమైన ఫిల్మ్ అంటించడానికి రోజు ఖాయం చేసుకున్నాను. కర్మ ముగిసేసరికి ఆ రోజు వచ్చింది. ఒక్కదాన్నే వెళ్లాను. సర్వీస్‌లో నూనె మార్చి, ఇక మీ ఇష్టం వచ్చినంత వేగంగా పోవచ్చు మేడం అన్నారు. షాపతను ఏదో ద్రవంలో గుడ్డ తడిపి బానెట్ మీదకు వంగాడు.

"ఉండనీ," అన్నాను.

అతనికి అర్థం కాలేదు. తెలుగులో అన్నానని అప్పుడు తెలిసింది. తమిళంలో మళ్లీ చెప్పాను: మరకలు తీయొద్దు, వాటిమీదే ఫిల్మ్ అంటించు. అతను నన్ను ఒక వింతలా చూశాడు. విషయం చెప్పాక మాత్రం గుడ్డ పక్కన పెట్టి, గీతలు చెదరకుండా చాలా ఓపికగా అంటించాడు. డబ్బా సర్దుకుంటూ ఒక్క మాటన్నాడు: పసుపు ఎండకు ఆగదక్కా, ఫిల్మ్ కింద ఉన్నా మెల్లగా పోతుంది.

తిరిగొస్తుంటే సాత్తూరు దాటాక మినీ బస్సొకటి హారన్ కొట్టి నన్ను దాటిపోయింది. పక్కసీటు నుంచి ఎవరూ ఏమీ అనలేదు. అంత దిక్కులేనితనం నాకు శ్మశానం నుంచి ఇంటికొచ్చిన రోజున కూడా తెలియలేదు.

కయత్తారు వెళ్లలేదు. తెల్లవారకముందే దుకాణానికి పోయి, పనివాళ్లకు సరుకు అప్పగించి, ఎండెక్కకముందే కారును ఇంటికి తెచ్చేస్తున్నాను. మధ్యాహ్నం షెడ్డు రేకుల సందులోంచి కాస్త ఎండ బానెట్ మీదకు వస్తుంది. ఆ వేళకు అత్త నేతచీర నాలుగు మడతలేసి గీతల మీద పరుస్తాను. మూడోది, వంకర వేలిది, అప్పుడే కాస్త పలచబడింది.