నాన్న చేతిని పొట్టకు కుట్టిన రోజులు

మొన్న మా మనవరాలు బెండకాయలు తరుగుతూ వేలు కోసుకుంది. ప్లాస్టరు చుట్టుకుని ఫోను చూసుకుంటూ కూర్చుంది. తర్వాత విప్పితే సన్నటి గీత మిగిలింది, దానికేమీ వింతగా అనిపించలేదు. తెగిన చర్మం తనంతట తాను అతుక్కోవడం నాకు మాత్రం ఈ వయసులో కూడా మామూలు సంగతిగా తోచదు.

మాది పెడన. నాన్న కలంకారీ అద్దకం చేసేవారు. ఆ రోజుల్లో ఏ దెబ్బ తగిలినా పసుపో కాఫీపొడో అద్ది, మానక ఎక్కడికి పోతుందిలే అని ఊరుకునేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది. ఒక వేసవిలో బట్టలు ఉడికే రాగి కాగు పొయ్యి మీంచి ఒరిగి నాన్న కుడిచేతి మీద పడింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా చర్మం ఊడి, లోపలి నరాలు తెల్లగా కనిపించాయి. అచ్చు పట్టే చెయ్యి అది, అది పోతే మా ఇల్లు గడవదు. ఇంత గాయాన్ని ఒళ్ళు సొంతంగా పూడ్చుకోలేదని, వదిలేస్తే మానినా వేళ్ళు ముడుచుకుపోతాయని బందరు ఆసుపత్రి డాక్టరుగారు అమ్మతో చెప్పారట.

ఆపరేషను అయ్యాక నాయనమ్మ నన్ను తీసుకెళ్ళింది. అమ్మ దుప్పటి తొలగించగానే ఇద్దరం కొయ్యబారిపోయాం. నాన్న చేతిని ఆయన పొట్టకే కుట్టేశారు. జేబులో చెయ్యి పెట్టుకున్నట్టు పొట్ట చర్మం కింద చెయ్యి, చుట్టూ నల్లటి కుట్లు. నాయనమ్మ గోడ పట్టుకుని, "ఇదేం వైద్యమండీ, మనిషిని మనిషికే కుట్టేశారు" అంది. చేతి నెత్తురు ఆ చర్మానికి అందేదాకా ఇలాగే ఉండాలని, తొందరపడి కోస్తే అది నల్లబడి చచ్చిపోతుందని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. నాన్న వారాల తరబడి అలాగే పడుకున్నారు. ఆ చర్మం నల్లబడుతోందేమోనని అమ్మ పొద్దున్నే కుట్ల వంక చూసి, ఆ తర్వాతే మొహం కడుక్కునేది.

చివరికి కోసి విడదీశారు. చేతి మీద మెత్తటి ఎత్తుగా మిగిలిన పొట్ట చర్మం వెచ్చగా, బతికే ఉంది. వేళ్ళు మెల్లగా కదిలాయి. మరుసటి వేసవికి నాన్న మళ్ళీ అచ్చు పట్టారు. మేం ఇంకా నివ్వెరపోయింది ఆ తర్వాత. నడివయసులో ఆయన ఒళ్ళు చేస్తే పొట్టతో పాటు ఆ చెయ్యీ లావెక్కింది. "నా చెయ్యి కూడా భోంచేస్తోందే" అని నవ్వేవారు.

ఇప్పుడు ఇలాంటి ఆపరేషన్లు మామూలేనట, కట్టు విప్పేటప్పుడు ఇంటివాళ్ళను బయట కూర్చోబెడతారు. మనవాళ్ళ గాయం పూడడం కళ్ళారా చూసింది మన తరమే ఆఖరేమో. నేనైతే చివరిదాకా చూశాను. ఆఖరి జబ్బులో నాన్న అన్నం మానేసి, పొట్ట వెన్నుకు అంటుకుపోయిన రోజుల్లో ఆయన కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంటే, దాని మీది ఎత్తు కూడా కరిగిపోయి ఉంది. అన్నేళ్ళు చేతిగా పనిచేసి కూడా ఆ చర్మం తన పొట్ట ఆకలిని మరిచిపోలేదు.